నలభై ఏడో నంబరు దూది

పోయిన వారం ఇఫ్రాను డాక్టర్ సుధామణి గదిలో, బల్లకి ఇవతల నిలబెట్టి వదిలేశాం. డాక్టరుగారు కూర్చోమన్నారు. ఆ పిల్ల కూర్చోలేదు. కొత్తగా కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

ఇఫ్రా వన్ టౌన్ పిల్ల. పంజా సెంటర్ దగ్గర సందులో పరుపులు కుట్టే దూదేకుల వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఏడాదిగా ఒక ఆస్పత్రి పరిశోధనలో అసిస్టెంటుగా పనిచేస్తోంది. డిప్రెషన్‌తో బాధపడేవాళ్లలో ఎవరు ప్రాణం తీసుకునే దాకా వెళ్తారో రక్తంలోనూ ఉమ్మిలోనూ ముందే ఏమైనా గుర్తులు కనిపిస్తాయా అని వెతికే పరిశోధన అది. బుడమేరు వరదలో సింగ్‌నగర్ గోడౌన్‌లోని దూదంతా మునిగిపోయిన దగ్గర్నుంచి అన్న అష్ఫాక్ నోట మాట తగ్గిపోయింది. ఇఫ్రాయే బతిమాలి అతన్ని ఆ పరిశోధనలో చేర్పించింది. అక్కడ ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. అష్ఫాక్‌ది నలభై ఏడు.

మూడు వారాల కిందట ఇఫ్రా చేయకూడని పని చేసింది. చూడనని సంతకం పెట్టిన కంప్యూటర్ షీటు తెరిచి నలభై ఏడో నంబరు చూసుకుంది. మనిషి నిద్ర లేచిన అరగంటలో ఒంట్లో పెరగాల్సిన హార్మోను ఒకటుంది. అన్న నంబరుకి ఎదురుగా దాని గ్రాఫు గీత పెరగలేదు, నేల మీద తాడులా పడి ఉంది. ఇంటికొచ్చి అమ్మ నజీమాకీ వదిన ఫిర్దౌస్‌కీ చెవిలో చెప్పింది. ఆ రోజు నుంచీ ఇల్లంతా అష్ఫాక్‌కి కాపలా.

ఇక డాక్టరుగారి గదిలోకి వెళ్దాం.

సుధామణిగారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. కళ్లజోడు తీసి వాటి మీదే పెట్టారు, ఎగిరిపోతాయన్నట్టు.

"రక్తం మగమనిషిది ఇఫ్రా. ఉమ్మి ఆడమనిషిది."

ఇఫ్రాకి మొదట అర్థం కాలేదు.

"జన్యువుల పరీక్షకి పంపేముందు ఎవరి శాంపిల్ వాళ్లదేనా అని చూస్తారు. మామూలు తనిఖీ. నలభై ఏడు దగ్గర ఆగిపోయింది. రక్తం ఇక్కడ నర్సు తీసింది, నా ఎదురుగానే తీసింది. ఉమ్మి గొట్టాలు ఇంటి దగ్గర నుంచి తెచ్చింది నువ్వు." ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వే నింపావా?"

"లేదండి."

"ఆ నంబరు షీటు నీ పాస్‌వర్డ్‌తో తెరిచారు. అది నువ్వేనా?"

"నేనేనండి."

"ఎవరికైనా చెప్పావా?"

ఇఫ్రా కిటికీలోంచి కిందకి చూసింది. ఆటోస్టాండులో ఒకతను కొబ్బరిబోండాం తాగుతున్నాడు. "లేదండి," అంది.

తను పుట్టాక ఒక టీచరుకి గానీ డాక్టరుకి గానీ చెప్పిన మొదటి అబద్ధం అదేనేమో. తడుముకోకుండా వచ్చేసింది.

"ట్రైనింగులో ఏం చెప్పానమ్మా? ఆ గీతలు వందల మందిని కలిపి చూస్తే ఏదో చెప్తాయేమోనని మనం ఇంకా వెతుకుతున్నాం. ఒక్క మనిషిని పట్టుకుని ఇతనికి గండం ఉంది, ఇతనికి లేదు అని చెప్పే దమ్ము వాటికి లేదు. ఉంటే నేను ఇంకా ఇక్కడ కూర్చుని మనుషుల్ని ప్రశ్నలెందుకు అడుగుతాను?" ఆవిడ కాగితాలు మడిచారు. "సాయంత్రం అయిదింటికి పరిశోధన నియమాలు చూసే కమిటీకి ఫోన్ చేయాలి. ఈలోగా ఆ ఉమ్మి ఎవరిదో కనుక్కుని రా. నీ ఉద్యోగం సంగతి తర్వాత."

ఆటోలో ఇఫ్రా వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. ఇంట్లో ఆడవాళ్లు ముగ్గురు. తను కాదు. ఉమ్మి గొట్టాలు ఫ్రిజ్‌లో పెట్టాలంటేనే అమ్మ, "పాలగిన్నె పక్కన పెట్టావంటే నేనే బయటపడేస్తా" అని ఇఫ్రా చేతే వాటిని బిస్కెట్ డబ్బాలో పెట్టించి మూత బిగింపజేసిన మనిషి. వేలు పెట్టి ముట్టుకునే రకం కాదు. మిగిలింది ఒక్కరే. రథం సెంటర్ దాటేసరికి ఇఫ్రాకి ఏడుపు కాదు, కోపం వచ్చింది. వదిన తన చదువుని, తన సంతకాన్ని, తన మాటని ఆటబొమ్మల్లా చేసి ఆడుకుందని కోపం.

కొట్లో అష్ఫాక్ నేల మీద డబుల్ పరుపు పరిచి, దాని మీద మోకాళ్ల మీద కూర్చుని దబ్బనంతో కుట్లు వేస్తున్నాడు. గడ్డానికీ కనురెప్పలకీ దూది నూగు. అమ్మ మంగళగిరిలో చుట్టాలింటికి పొద్దున్నే వెళ్లింది, కాపలా డ్యూటీ వదినకి అప్పజెప్పి.

"అన్నా, ఉమ్మి కోసమిచ్చిన ఆస్పత్రి గొట్టాల్లో దూది నువ్వే నమిలావా?"

"ఏ గొట్టాలు?"

"నిద్ర లేవగానే ఒకటి, పావుగంటకి ఒకటి, అరగంటకి ఒకటి. రెండు రోజులు. ఆరు గొట్టాలు నీ చేతికిచ్చాను."

దబ్బనం ఆగింది. "అవా. ఒకటి పెట్టుకున్నా. ఊసేశా."

"ఊసేశావా?"

"మరేం చేయమంటావే? పగలంతా ఈ దూదే ముక్కులో, ఈ దూదే గొంతులో. మళ్లీ పొద్దున్నే పళ్లు తోముకోకుండా దూది నమలమంటావు. దూది నోట్లో పెట్టేది ఎవరికో తెలీనట్టే మాట్లాడతావేంటి? ఈ కొట్లో పుట్టలేదా నువ్వు?"

ఆ సందులో ఏ ఇంట్లో మనిషి పోయినా, ఏ కులమైనా ఏ మతమైనా, ముక్కుల్లో చెవుల్లో నోట్లో పెట్టడానికి దూది ఈ కొట్టు నుంచే వెళ్తుంది. తాత కాలం నుంచీ దాన్ని తూకం వేయరు, వెల చెప్పరు. వచ్చినవాడు గడప బయట నిలబడతాడు, లోపలి మనిషి గుప్పెడు పీకి మాట్లాడకుండా చేతిలో పెడతాడు. అంతే. తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఎక్కడో తయారు చేసిన గొట్టాల్లో ఉన్నది దూదిముక్కేనని, దాన్ని ఈ ఇంటి మనిషి నోట్లో పెట్టుకోలేడని ఇఫ్రాకి ముందే తట్టి ఉండాల్సింది. పరిశోధన మొత్తంలో ఆ సంగతి తెలియాల్సిన మనిషి తనొక్కతే.

"మరి ఎవరు నింపారు?"

"మీ వదిన్నడుగు. నువ్వు ఆస్పత్రిలో మాట పడతావని ఒకటే గోల. నేనే నములుతాలెండి, ఎవరికి తెలుస్తుంది, ఉమ్మి ఎవరిదైనా ఉమ్మేగా అంది." అష్ఫాక్ మళ్లీ దారం ఎక్కించుకుంటూ, "ఏం, ఇప్పుడేం కొంపలంటుకున్నాయి?" అన్నాడు.

"అయితే ఆ రిపోర్టు నీది కాదన్నా."

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకి తెలియలేదు.

"ఏ రిపోర్టు?" అష్ఫాక్ దబ్బనం పరుపులో గుచ్చి వదిలేశాడు. "రిపోర్టులు ఎవరికీ చెప్పరన్నావుగా. ఎవరూ చూడరు, నేను కూడా చూడను అని కాగితం చదివి వినిపించి మరీ సంతకం పెట్టించావుగా."

ఇఫ్రా వంగి నేల మీది దూది పింజ ఒకటి ఏరింది.

"ఓహో." అతను నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "మా గది తలుపు గడియ పాడైందని ఊడదీసింది అమ్మ. పాడవలేదు, నేను చూశా. నమాజుకి వెళ్తే మసీదు మెట్ల దాకా వెనకాలే వస్తోంది. బాత్‌రూములోకి వెళ్తే బయట ఎవరో ఒకరు దగ్గుతూ ఉంటారు. ఇంట్లో అందరికీ ఒకేసారి దగ్గు పట్టుకుందేంటా అనుకున్నా." నవ్వబోయాడు గానీ అది సగంలోనే పోయింది. "నేను చచ్చిపోతానని మీ కంప్యూటర్ చెప్పిందన్నమాట."

"అలా కాదన్నా..."

"ఎలా మరి? మూడు వారాలు నా చుట్టూ తిరిగారు. ఏరా, నీకేమనిపిస్తోంది అని ఒక్కళ్లు అడిగారా? నేను అక్కడే ఉన్నానుగా. ఇదే కొట్లో, ఇదే పీట మీద. నా చెల్లెలు చదువుకుంది, నా గురించి దానికి తెలుస్తుంది అని ఆ సూది కూడా పొడిపించుకున్నా. దానికి నువ్వు చేసింది ఇదా?"

"తప్పయిపోయింది."

"పైకి పో," అన్నాడు అష్ఫాక్. "నా ఎదురుగా ఉండకు."

కొట్టు పక్క ఇరుకు మెట్లెక్కి ఇఫ్రా మేడ మీదకి వెళ్లింది. ఫిర్దౌస్ వంటింటి గడపలో కూర్చుని గోంగూర వలుస్తోంది. వయసు ఇరవై తొమ్మిది. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ చోటు తీసుకుని కూర్చుంటుంది.

"కింద మాటలు వినపడ్డాయి," అంది ఆకు మీద నుంచి చూపు తీయకుండా. "తెలిసిపోయిందా?"

"తెలిసిపోయింది. ఎంత తేలిగ్గా అంటున్నావు వదినా. ఆ గొట్టాల మీద నంబరు రాసింది నేను. తీసుకెళ్లి ఇచ్చింది నేను. నేనే దొంగ శాంపిల్ ఇచ్చానని అనుకుంటున్నారు అక్కడ. సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు."

"నీ ఉద్యోగం కోసమేగా చేశాను. మీ అన్న ఊసేస్తే నువ్వు ముఖం చిన్నబుచ్చుకుంటావని."

"నాకు చెప్పొచ్చుగా. ఇంకో మనిషిని చూసుకునేదాన్ని. నమ్మానే నిన్ను. మూడు వారాలుగా అన్నకి ఏదో అయిపోతుందని నేను నిద్రపోలేదు. అమ్మ తిండి మానేసింది. నువ్వు మా మధ్యే తిరుగుతూ, అది అన్న రిపోర్టు కాదని తెలిసి కూడా, ఒక్క మాట..."

ఇఫ్రా ఆగిపోయింది.

గోంగూర కాడ ఒకటి పుటుక్కున విరిగింది. ఫిర్దౌస్ తలెత్తింది. "తట్టిందా? బీఎస్సీ కదా, తొందరగానే తట్టింది."

నలభై ఏడో నంబరు గీత అన్న ఒంట్లోది కాదు. పైకి లేవకుండా నేల మీద పడి ఉన్న ఆ గీత ఎవరి ఒంట్లోదో, ఆ మనిషి ఇప్పుడు తన ఎదురుగా ఒళ్లో ఆకు పోసుకుని కూర్చుని ఉంది.

"నువ్వు అత్తయ్యకి చెప్పిన రోజు నేను పొయ్యి దగ్గర అన్నం వారుస్తున్నా," అంది ఫిర్దౌస్. "గీత లేవలేదు, ఇలాంటివాళ్లు ప్రమాదంలో ఉంటారు, ఒంటరిగా వదలకూడదు అన్నావు. ఎవరి గీతో ఆ వంటింట్లో నాకొక్కదానికే తెలుసు. గంజి చెయ్యి మీద పడింది. చూసుకోవే అంది మీ అమ్మ. మళ్లీ మీరిద్దరూ మీ అన్న గురించి మాట్లాడుకున్నారు."

"అప్పుడే చెప్పాల్సింది వదినా."

"ఏమని? అది నాది, నా మీద పెట్టండి కాపలా అని అడుక్కోనా?" ఆమె గొంతులో కోపం లేదు. కూరగాయల ధర చెప్తున్నట్టు ఉంది. "రాత్రి మేలుకుని ఆయన్ని కనిపెట్టుకుని ఉండమని నాకే చెప్పారు. ఉన్నాను. ఆయన బాగానే నిద్రపోతున్నాడు. గురక కూడా పెడతాడు. నేను కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ, ఈ ఇంట్లో కాపలా కాయాల్సింది ఎవరికో, కాస్తున్నది ఎవరో అనుకుని నవ్వుకునేదాన్ని."

ఇఫ్రా ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"వరదప్పుడు మీ దూది తడిసిందని బజారంతా వచ్చి పలకరించారు," అంది ఫిర్దౌస్. "తడిసిన దూది బరువెక్కుతుంది, తిరిగి ఏకడానికి పనికిరాదు అని వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పుకున్నాడు. పాపం, చెప్పుకోవాల్సిందే. మా నాన్న అదే సింగ్‌నగర్లో డాబా మీద మూడు రోజులు తడిశాడు. నాన్న గురించి, ఖాలిక్ గారికి నిమోనియా అంట అన్నారు ఈ ఇంట్లో. ఇరవై రోజులకి పోయాడు. దూది కోసం మా తమ్ముడు మన గడప బయటికొచ్చి నిలబడితే లోపల్నుంచి పీకి ఇచ్చింది నేను. మీ అన్న మంచం దిగలేదు ఆ రోజు. నాలుగో రోజు నుంచి ఈ ఇంట్లో నేను మామూలు మనిషినే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ గొట్టంలో దూది నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం, ఆరుసార్లూ, నాన్న నోరు గుర్తొచ్చింది."

కింద రోడ్డు మీద తోపుడుబండివాడు అరుచుకుంటూ వెళ్లాడు. ఇఫ్రా ఈ ఏడాదిలో నూటపదకొండు మందిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడిగింది. తిరువూరు నుంచి వచ్చిన రైతుని అడిగింది, ఇంటర్ చదివే పిల్లనడిగింది, రిటైరైన మాస్టారినడిగింది. చుట్టూ తిప్పకుండా, మామూలు గొంతుతో, కళ్లలోకి చూసి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడక్కపోతేనే మనిషి ఒంటరవుతాడు. అదంతా నోటికొచ్చు. ఇప్పుడు అడగాల్సింది సొంత వదినని.

"వదినా. చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

ఫిర్దౌస్ ఒళ్లోని ఆకంతా దులిపి పళ్లెంలో పోసింది.

"అనిపించేది. కరెంటు పోయి వచ్చినట్టు వచ్చిపోయేది. మనసు కదా, ఏవో పిచ్చి ఆలోచనలొస్తాయి, పని చేసుకుంటే పోతాయిలే అనుకునేదాన్ని. పోయేవి కూడా." చీర కుచ్చెళ్ల మీద మిగిలిన ఒక ఆకుని వేళ్లతో తీసింది. "నువ్వొచ్చి ఆ రిపోర్టు చెప్పిన దగ్గర్నుంచి పోవట్లేదు. మనసులోది కాదు, ఒంట్లోనే రాసుంది, మిషన్‌కి కూడా కనపడింది. ఇంక నేననుకుని చేసేదేముంది అనిపిస్తోంది."

"అది తప్పు వదినా. అది అలా కాదు. ఒక్క మనిషికి అది చెల్లదు. నిద్ర సరిగ్గా లేకపోయినా అలాగే వస్తుంది, టైము తప్పినా వస్తుంది. అది నీ రాత కాదు, ఏమీ కాదు."

"చెల్లదని ఆ రోజు చెప్పలేదే."

వదిన మోసం చేసిందని ఇఫ్రా మెట్లెక్కి వచ్చింది. చూస్తే తను చేసింది అంతకంటే పెద్దది.

"డాక్టరుగారి దగ్గరికి పోదాం పద. ఇప్పుడే. ఆటో పిలుస్తాను. మందులున్నాయి, మాట్లాడేవాళ్లున్నారు, ఇలా అనిపించినవాళ్లు ఎంతోమంది బాగుపడ్డారు, నేను చూశాను."

"వస్తాను. నీతో మాత్రం కాదు." ఫిర్దౌస్ గోడ పట్టుకుని లేచింది. "నేనెప్పుడు రావాలో నేను చూసుకుంటా. నా సంగతి ఇంక నీ నోటి నుంచి ఎవరికీ వెళ్లకూడదు. మీ అన్నకీ, అత్తయ్యకీ, ఆ డాక్టరుకీ. ఒకసారి నా గురించే నా ఎదురుగానే చెప్పేశావు, నీకు తెలియకుండానే. ఈసారి తెలిసి చెప్పకు. మాటివ్వు."

ఇవ్వకూడదు. ఇలాంటి మాట ఎవరికీ ఇవ్వకూడదని ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు. అయినా ఎదురుగా ఉన్న ముఖం చూసి ఇఫ్రా తలూపింది. ఫిర్దౌస్ గదిలోకి వెళ్లి తలుపు చేరవేసుకుంది.

ఇఫ్రా నాలుగు మెట్లు ఒక్క అంగలో దిగి కొట్లోకి పరిగెత్తింది. పరుపు సగం కుట్టి ఉంది. అన్న లేడు. పక్కన తాళ్ల కొట్టు కాశీరావు స్టూలు మీద కూర్చుని పేపరుతో విసురుకుంటున్నాడు.

"మీ అన్నయ్యా? ఎప్పుడో ఆటో ఎక్కాడమ్మాయ్. ఎక్కడికి బాబూ అంటే ఆస్పత్రికండీ, మా చెల్లెలి మీద కంప్లైంట్ ఇవ్వాలి అన్నాడు." కాశీరావు పేపరు ఆపాడు. "ఏడాది నుంచీ నాతో ఒక్క ముక్క మాట్లాడనివాడు, ఇవాళ ఎంత బాగా మాట్లాడాడమ్మా. ఏం జరిగింది?"

ఇఫ్రా ఫోన్ చేసింది. అవతల కట్ చేశాడు. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశాడు. కొట్టు అలాగే వదిలేసి తిరిగి మేడెక్కింది.

వదిన గది బయట, గోడకి వీపు ఆనించి కూర్చుంది. "వదినా, నేనిక్కడే ఉన్నాను. మాట్లాడక్కర్లేదు. తలుపు తీయక్కర్లేదు. ఊరికే ఉంటాను," అంది.

లోపల మంచం కిర్రుమంది. అంతే.

ఎంతసేపు గడిచిందో, ఫోన్ మోగింది. సుధామణిగారు.

"ఇఫ్రా, మీ అన్నయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదన్నావు నాతో. ఇల్లంతా చెప్పావట." ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "దాని సంగతి తర్వాత చూద్దాం. నేను అతనితో అరగంట మాట్లాడాను, అడగాల్సినవన్నీ అడిగాను. నీ మీద చాలా కోపంగా ఉన్నాడు. తిండి తింటున్నాడు, నిద్రపోతున్నాడు, పని చేస్తున్నాడు. మందు కొనసాగిస్తాం. అతని గురించి ఇవాళ నాకు భయం లేదు. కానీ ఆ ఉమ్మి ఎవరిదో అతను చెప్పేశాడు. నాకా గీత అక్కర్లేదు, దాన్ని నేను పట్టించుకోను. ఆ మనిషిని నువ్వు చూశావా? మాట్లాడావా?"

"మాట్లాడానండి."

"ఎలా ఉంది?"

ఇఫ్రా తలుపు వైపు చూసింది. చేరవేసిన తలుపు. సందులోంచి వదిన పాదాలు కనపడుతున్నాయి, మంచం మీద కాదు, నేల మీద, తలుపుకి అవతలే. వదిన నిలబడి వింటోంది.

"ఇఫ్రా, లైన్లో ఉన్నావా?"

గోంగూర పళ్లెం మీద ఈగ ఒకటి వాలింది. ఏం లేదండి, బాగానే ఉంది అని ఒక్క మాటంటే వదినకిచ్చిన మాట నిలుస్తుంది. ఆ మాట నిలబెడితే వదిన మిగులుతుందో లేదో తెలియదు.

ఇఫ్రా లేచి నిలబడింది. గుసగుసగా కాదు, తలుపుకి అవతల వినపడాలనే చెప్పింది.

"బాగోలేదండి. మా వదిన ఫిర్దౌస్. చచ్చిపోవాలనిపిస్తోందని నాతో చెప్పింది. ఎవరికీ చెప్పనని ఇప్పుడే మాటిచ్చాను. చెప్తున్నాను. మీరు రావాలి."

తలుపు తెరుచుకుంది. ఫిర్దౌస్ గడప మీద నిలబడి చెయ్యి చాచింది.

"ఫోన్ ఇటివ్వు," అంది.